విదేశాల్లో ఉంటూ పాస్‌పోర్ట్ రెన్యువలా? ముందు ఫొటో సైజు సరిచూసుకోండి

హైదరాబాద్‌లోనో విజయవాడలోనో పాస్‌పోర్ట్ తీసుకున్నవారికి ఫొటో గురించి పెద్దగా ఏమీ గుర్తుండదు. సేవా కేంద్రంలో కౌంటర్ ముందు కూర్చోబెట్టి అక్కడి సిబ్బందే ఫొటో తీస్తారు, వేలిముద్రలు తీసుకుంటారు, పంపించేస్తారు. నాలుగేళ్లలోపు పిల్లలకు మాత్రమే తెల్లటి బ్యాక్‌గ్రౌండ్‌తో 4.5×3.5 సెంటీమీటర్ల ఫొటో పట్టుకెళ్లాలి. ఆ ఫొటో మన ఊళ్లో ఏ స్టూడియోకు వెళ్లినా పది నిమిషాల్లో చేతికొస్తుంది.

అదే మనిషి పదేళ్ల తర్వాత డాలస్‌లోనో టొరంటోలోనో దుబాయ్‌లోనో ఉండి పాస్‌పోర్ట్ రెన్యువల్‌కు కూర్చుంటే పరిస్థితి వేరు. ఫొటో మనమే తీయించుకోవాలి, మనమే అప్‌లోడ్ చేయాలి, కొన్నిచోట్ల ప్రింటు కూడా పంపాలి. స్టూడియోకు వెళ్లి ‘పాస్‌పోర్ట్ ఫొటో’ అని అడిగితే వాళ్లు తీసేది ఆ దేశపు పాస్‌పోర్ట్ సైజులో. మన దరఖాస్తుకు కావాల్సింది మన దేశపు సైజు. అన్ని కాగితాలూ సరిగ్గా ఉండి, ఈ ఒక్క తేడా వల్ల ఫైలు ఆగిపోయినవాళ్లు చాలామందే ఉంటారు. మా బంధువుల అమ్మాయి ఒకరికి ఇదే జరిగింది. వీసా గడువు దగ్గరపడుతుంటే, ఫొటోలో ముఖం చిన్నగా ఉందని దరఖాస్తు పక్కన పెట్టారు. కొత్త ఫొటో పంపి, మళ్లీ వరసలో పడేసరికి మూడు వారాలు పోయాయి. అక్కడ నివాస అనుమతి పొడిగించాలంటే చెల్లుబాటయ్యే పాస్‌పోర్ట్ ఉండాలి. అందుకే ఆ మూడు వారాలూ ఇంటిల్లిపాదికీ నిద్ర లేదు.

2025లో ఏం మారింది?

విదేశాల్లోని భారత రాయబార కార్యాలయాలు, కాన్సులేట్లు 2025లో ఒక ప్రకటన ఇచ్చాయి. 2025 సెప్టెంబరు 1 నుంచి పాస్‌పోర్ట్ దరఖాస్తుతో ఇచ్చే ఫొటోలు ఐసీఏఓ ప్రమాణాలకు తగ్గట్టు ఉండాలన్నది దాని సారాంశం. ఐసీఏఓ అంటే అంతర్జాతీయ పౌర విమానయాన సంస్థ. ఐక్యరాజ్య సమితికి అనుబంధంగా కెనడాలోని మాంట్రియల్ నుంచి పనిచేస్తుంది. ప్రపంచంలోని పాస్‌పోర్టులన్నీ విమానాశ్రయాల్లోని యంత్రాలు చదివేలా ఉండాలని నిబంధనలు పెట్టేది ఈ సంస్థే. మన దేశంలో చిప్ ఉన్న ఈ-పాస్‌పోర్టుల పైలట్ 2024 ఏప్రిల్ 1న మొదలైంది. చిప్‌లో ముఖం డిజిటల్ రూపంలో ఉంటుంది. ఇమిగ్రేషన్ గేటు దగ్గర కెమెరా మన ముఖాన్ని దానితోనే పోల్చి చూస్తుంది. ఫొటో మీద ఇంత పట్టింపు అందుకే.

ఆ ప్రకటన ప్రకారం ఫొటో రంగుల్లో ఉండాలి. కొలత 630×810 పిక్సెళ్లు. తల, భుజాల పైభాగం దగ్గరగా కనిపించాలి, ముఖం ఫొటోలో 80 నుంచి 85 శాతం ఆక్రమించాలి. బ్యాక్‌గ్రౌండ్ తెలుపు. ముఖం మీద, వెనక గోడ మీద నీడలు పడకూడదు, కళ్లలో ఎర్రటి మెరుపు ఉండకూడదు. కెమెరా మీటరున్నర దూరంలో ఉండాలి. సాఫ్ట్‌వేర్‌తో ఫొటోను మార్చకూడదు.

పిక్సెళ్ల లెక్క చూసి కంగారు పడొద్దు. 630ని 810తో పోల్చినా, 35ని 45తో పోల్చినా వచ్చే నిష్పత్తి ఒక్కటే, 7కు 9. అంటే మనకు చిన్నప్పటి నుంచి తెలిసిన మూడున్నర, నాలుగున్నర సెంటీమీటర్ల ఫొటో ఆకారమే ఇది. దాన్నే పిక్సెళ్లలో చెప్పారు.

చిక్కంతా పాత సలహాలతోనే. అమెరికా, కెనడా వంటి చోట్ల భారత పాస్‌పోర్ట్ దరఖాస్తుకు చాలా ఏళ్లపాటు 2 అంగుళాల చతురస్రపు ఫొటో అడిగేవారు. వాట్సాప్ గ్రూపుల్లో ఇప్పటికీ తిరుగుతున్న సలహా అదే. మూడేళ్ల కిందట రెన్యువల్ చేయించుకున్న స్నేహితుడు చెప్పింది అప్పటికి నిజమే కావచ్చు. ఇప్పుడు దరఖాస్తు చేసేవారు మాత్రం ఆన్‌లైన్ ఫారం అడిగే కొలతను, మీ ప్రాంతపు కేంద్రం ఇచ్చే చెక్‌లిస్టులోని ప్రింటు కొలతను విడివిడిగా చూసుకోవాలి. అప్‌లోడ్‌కు ఒక కొలత, ప్రింటుకు ఇంకో కొలత ఉన్నా ఆశ్చర్యపోనక్కర్లేదు. చెక్‌లిస్టును దరఖాస్తు రోజునే డౌన్‌లోడ్ చేసుకోండి. నెల కిందట సేవ్ చేసుకున్నది నమ్మొద్దు.

ఏ దేశంలో అడిగితే ఏది ఇస్తారు?

అమెరికాలో ఫార్మసీలు, సూపర్ మార్కెట్లలోని ఫొటో కౌంటర్లలో ‘పాస్‌పోర్ట్ ఫొటో’ అంటే 2×2 అంగుళాలే, అంటే 51×51 మిల్లీమీటర్లు. గడ్డం నుంచి నడినెత్తి వరకు తల 25 నుంచి 35 మిల్లీమీటర్లు ఉండేలా తీస్తారు. రెండు ప్రింట్లకు కొన్ని గొలుసు ఫార్మసీల్లో 15 డాలర్లకు పైనే అవుతుంది.

కెనడాలో ఇంకో రకం. అక్కడి పాస్‌పోర్ట్ ఫొటో 50×70 మిల్లీమీటర్లు, నిలువుగా పొడుగ్గా ఉంటుంది. వెనకవైపు స్టూడియో పేరు, తీసిన తేదీ ముద్ర వేస్తారు. దీన్ని పైనా కిందా కత్తిరించి చతురస్రం చేసుకుందామనుకునేవారు ఒక సంగతి గమనించాలి. దాని వెడల్పు 50 మిల్లీమీటర్లే, 51 కాదు. పైగా కెనడా నిబంధనలో ముఖం 31 నుంచి 36 మిల్లీమీటర్ల వరకు ఉండొచ్చు, 2×2లో 35 దాటకూడదు. కౌంటర్‌లో స్కేలు పెట్టి చూసే ఉద్యోగి ఎదురైతే అక్కడే ఆగిపోతుంది.

బ్రిటన్‌లో రైల్వే స్టేషన్లు, షాపింగ్ సెంటర్లలోని ఫొటో బూత్‌లు 35×45 మిల్లీమీటర్లు ఇస్తాయి. ‘మన సైజే కదా’ అనిపిస్తుంది. కాగితం సైజు మనదే కానీ, లోపలి ముఖం సైజు వేరు. బ్రిటన్ పాస్‌పోర్ట్‌కు తల 29 నుంచి 34 మిల్లీమీటర్లుంటే చాలు. మన కార్యాలయాలు చెప్పిన 80–85 శాతాన్ని 45 మిల్లీమీటర్ల ఎత్తు మీద లెక్కేస్తే 36 నుంచి 38 మిల్లీమీటర్లు వస్తుంది. అంటే బూత్ ఫొటో చుట్టుకొలతలో సరిగ్గా ఉండి, ముఖం చిన్నదైందన్న కారణంతో తిరిగి రావచ్చు. పైగా అక్కడ బూడిద రంగు, లేత మీగడ రంగు బ్యాక్‌గ్రౌండ్లు మామూలే. మనకు తెలుపే కావాలి.

ఆస్ట్రేలియాలోనూ పోస్టాఫీసుల్లో ఇచ్చేది దాదాపు ఇదే సైజు. ముఖం 32 నుంచి 36 మిల్లీమీటర్లు. జర్మనీలో మరో విచిత్రం ఉంది. 2025 మే 1 నుంచి అక్కడి ప్రభుత్వ కార్యాలయాలు తమ పాస్‌పోర్టులు, గుర్తింపు కార్డులకు కాగితం ఫొటోలు తీసుకోవడం మానేశాయి. స్టూడియో తీసిన ఫొటో నేరుగా డిజిటల్‌గా ఆఫీసుకు వెళ్తుంది, మన చేతికి ఒక కోడ్ ఉన్న చీటీ ఇస్తారు. భారత దరఖాస్తుకు ఆ చీటీ పనికిరాదు. కాబట్టి అక్కడ ‘నాకు ఫొటో ఫైలు, ప్రింటు రెండూ కావాలి’ అని ముందే చెప్పాలి.

గల్ఫ్‌లో పరిస్థితి కాస్త సులువు, కాస్త కష్టం. కరీంనగర్, నిజామాబాద్, జగిత్యాల నుంచి, కడప, గోదావరి జిల్లాల నుంచి వెళ్లినవాళ్లు అక్కడ ఎక్కువ. మనవాళ్లు ఉండే వీధుల్లోని స్టూడియోలకు ‘ఇండియన్ పాస్‌పోర్ట్’ అని చెబితే అర్థమవుతుంది. అయితే గల్ఫ్ దేశాల స్థానిక పనులకు 4×6 సెంటీమీటర్ల ఫొటోలు వాడతారు. కువైట్ సివిల్ ఐడీకి నీలం బ్యాక్‌గ్రౌండ్ అడుగుతారు. క్యాంపులో ఉండే కార్మికుడు పర్సులో ఉన్న ఆ నీలం ఫొటోనే పట్టుకుని, సెలవు రోజున రెండు బస్సులు మారి పాస్‌పోర్ట్ కేంద్రానికి వెళ్తే, ఆ రోజు కూలీ, బస్సు డబ్బులు రెండూ పోయినట్టే. ఇంటి దగ్గర ఉన్నవాళ్లు ఫోన్లో ఈ ఒక్క మాట గుర్తు చేసినా ఉపయోగమే.

కత్తెర కంటే ఫైలు నయం

ఏ దేశంలో ఉన్నా పనికొచ్చే ఉపాయం ఒకటుంది. ప్రింటు కంటే ముందు ఫొటో ఫైలు సంపాదించండి. అదీ చుట్టూ బోలెడంత తెల్లటి ఖాళీ ఉన్న ఫైలు. తల పైన, రెండు పక్కలా ఖాళీ ఉంటే అదే ఫొటోను ఒకసారి 35×45గా, మరోసారి చతురస్రంగా, ఇంకోసారి కెనడా సైజుగా కోసుకోవచ్చు. ముఖం ఎంత పెద్దగా కావాలంటే అంత పెద్దగా వచ్చేలా క్రాప్ చేయొచ్చు. ప్రింటు చేసిన కాగితంలో ఆ వీలు లేదు. 2×2 ప్రింటులో తల 28 మిల్లీమీటర్లుంటే దాన్ని ఎలా కోసినా 28 మిల్లీమీటర్లే. బిగించి కోసిన 35×45 ఫొటోను చతురస్రం చేయడం అసలే కుదరదు. పక్కన లేని బ్యాక్‌గ్రౌండ్ ఎక్కడి నుంచి తెస్తాం? కొన్ని యాప్‌లు దాన్ని కృత్రిమంగా పూరిస్తాయి. ఆ పూరింపులో భుజం వంకరపోవడం, చెవి అంచు మాయమవడం మామూలే. అలాంటి ఫొటోను ‘మార్చిన ఫొటో’ అని తిప్పి పంపితే మనం అనడానికేమీ ఉండదు.

ఇంట్లో తీసుకోవచ్చా? తీసుకోవచ్చు. సెల్ఫీ మాత్రం వద్దు. చేయి చాచినంత దూరం నుంచి తీసే సెల్ఫీలో ముక్కు పెద్దగా, చెవులు వెనక్కి పోయినట్టు కనిపిస్తాయి. ఇంకొకరితో ఫోన్ వెనక కెమెరాతో మీటరున్నర దూరం నుంచి తీయించుకోవాలి. వైడ్ లెన్స్ వాడొద్దు. పోర్ట్రెయిట్ మోడ్ ఆపేయాలి, లేకపోతే జుట్టు అంచులను అది మసకబారుస్తుంది. చాలా ఫోన్లలో బ్యూటీ మోడ్ మనం అడగకుండానే ఆన్‌లో ఉంటుంది. చర్మాన్ని నున్నగా, గడ్డాన్ని సన్నగా చేసే ఆ సౌకర్యం పెళ్లిచూపులకు పనికొస్తుందేమో కానీ పాస్‌పోర్ట్‌కు కాదు. సెట్టింగ్స్‌లోకి వెళ్లి ఆపేయండి.

కిటికీకి ఎదురుగా నిలబడితే వెలుతురు ముఖం రెండు వైపులా సమానంగా పడుతుంది. ట్యూబ్‌లైట్ కింద నిలబడితే కళ్ల కింద నీడ వస్తుంది. వెనక తెల్లగోడ ఉండాలి, దానికి రెండడుగులు ఎడంగా నిలబడాలి. గోడకు ఆనుకుంటే తల నీడ గోడ మీద పడుతుంది. గోడ పసుపు రంగైతే తెల్లటి దుప్పటి ఇస్త్రీ చేసి కట్టండి, మడతలు కనిపించకూడదు. కెమెరా కళ్ల ఎత్తులో ఉండాలి. తెల్లచొక్కా వేసుకుంటే భుజాలు గోడలో కలిసిపోతాయి కాబట్టి ముదురు రంగు బట్టలు మేలు. కళ్లద్దాలు తీసేయాలి. నోరు మూసి, మామూలు ముఖంతో సూటిగా చూడాలి. జుట్టు కళ్ల మీద, కనుబొమల మీద పడకూడదు. మత సంప్రదాయం ప్రకారం తలకు కప్పుకునేవారు కప్పుకోవచ్చు కానీ, గడ్డం నుంచి నుదుటి వరకు ముఖం అంచులతో సహా కనిపించాలి.

తీసిన ఫొటోను ఇంకో ఫోన్‌కు పంపేటప్పుడు వాట్సాప్‌లో మామూలుగా పంపితే సైజు తగ్గిపోయి నాణ్యత పోతుంది. డాక్యుమెంట్‌గా పంపండి, లేదా మెయిల్ చేయండి.

ప్రింటు ఖర్చు డాలరు లోపే

ఫైలు చేతిలో ఉంటే స్టూడియో అవసరం లేదు. 4×6 అంగుళాల మామూలు ఫొటో కాగితం మీద 35×45 మిల్లీమీటర్ల ఫొటోలు ఎనిమిది పడతాయి, చుట్టూ కొంచెం అంచు కూడా మిగులుతుంది. 2×2వి లెక్క ప్రకారం ఆరు పడతాయి కానీ, అంచుల దాకా నిండిపోతుంది. ఫొటో కౌంటర్ల యంత్రాలు ప్రింటు చేసేటప్పుడు అంచుల్ని కాస్త కోస్తాయి. ఆరు పెడితే ఆరింటికీ కొలత తప్పుతుంది. రెండే పెట్టి మధ్యలో ఉంచితే గొడవ లేదు. అమెరికాలో ఇలాంటి ఒక ప్రింటుకు డాలరు కూడా అవదు.

ప్రింటు ఆర్డర్ ఇచ్చేటప్పుడు ‘ఫిట్ టు పేజ్’ అన్న ఆప్షన్ తీసేసి అసలు సైజులోనే ప్రింటు చేయమనాలి. ఇంటికొచ్చాక మొదటి పని, స్కేలు పెట్టి కొలవడం. ఫొటో వెడల్పు, ఎత్తు, గడ్డం నుంచి నడినెత్తి వరకు తల, ఈ మూడు కొలతలూ సరిపోతేనే కత్తెర పట్టుకోండి. మామూలు ఏ4 కాగితం మీద ఇంటి ప్రింటర్‌తో తీసినవి పనికిరావు, ఫొటో కాగితమే వాడాలి.

పసిపిల్లల ఫొటో

విదేశాల్లో పుట్టిన బిడ్డకు భారత పాస్‌పోర్ట్ కావాలంటే పుట్టిన ఏడాదిలోగా అక్కడి భారత కార్యాలయంలో జననం నమోదు చేయించాలి. మొదటి నెలల్లోనే ఫొటో అవసరమయ్యేది అందుకే. మెడ నిలవని పసిబిడ్డను గోడ ముందు నిలబెట్టలేం కదా. మంచం మీద తెల్లటి దుప్పటి పరిచి, బిడ్డను వెల్లకిలా పడుకోబెట్టి, పైనుంచి నిటారుగా తీయడం అందరూ చేసే పద్ధతి. కార్ సీటుకు తెల్లగుడ్డ చుట్టి అందులో కూర్చోబెట్టి కూడా తీస్తారు. ఎలా తీసినా అమ్మ చేయి, ఆటబొమ్మ, పాలపీక ఫొటోలో ఉండకూడదు. కళ్లు తెరిచి ఉండాలి. పాలు తాగి, నిద్రకు ముందు ఆడుకునే ఆ పది నిమిషాల్లో ముప్పై నలభై ఫొటోలు తీస్తే ఒకటి దొరుకుతుంది.

బుగ్గ మీద దిష్టి చుక్క పెట్టకుండా ఫొటో తీయడానికి అమ్మమ్మ ఒప్పుకోకపోవచ్చు. అరికాలిలో పెట్టమని చెప్పండి. ముఖం మీద పెద్ద కాటుక చుక్క ఉంటే పుట్టుమచ్చో, మచ్చో తెలియదు. ఐదేళ్లు చెల్లే పాస్‌పోర్ట్ మీద అది అలాగే ఉండిపోతుంది.

ఓసీఐ, వీసాల లెక్క వేరు

ఒకే ఇంట్లో తల్లిదండ్రులకు భారత పాస్‌పోర్ట్, పిల్లలకు అమెరికా పాస్‌పోర్ట్ ఉండటం ఇప్పుడు మామూలే. పిల్లల ఓసీఐ కార్డుకు చతురస్రపు ఫొటో అడుగుతారు. దాని బ్యాక్‌గ్రౌండ్ లేత రంగులో ఉండాలి, తెలుపు కాకూడదు. పాస్‌పోర్ట్‌కు తెలుపు, ఓసీఐకి తెలుపు వద్దు. ఒకే రోజు ఇద్దరికీ ఒకే గోడ ముందు ఫొటోలు తీయించి బోల్తాపడేది ఇక్కడే. లేత నీలం, లేత బూడిద రంగు గుడ్డ ఒకటి ఇంట్లో పెట్టుకుంటే సరిపోతుంది. ఓసీఐ ఉన్న పిల్లలకు 20 ఏళ్లు నిండే వరకు కొత్త పాస్‌పోర్ట్ తీసుకున్న ప్రతిసారీ, ఆ పాస్‌పోర్ట్ కాపీ, తాజా ఫొటో మూడు నెలల్లోగా ఆన్‌లైన్‌లో అప్‌లోడ్ చేయాలి. దీనికి ఫీజు లేదు. ఓసీఐ లేని పిల్లలు సెలవులకు ఈ-వీసా మీద వస్తుంటే దానికీ చతురస్రపు ఫొటోనే. జేపీజీ ఫైలు, 10 కేబీ నుంచి 1 ఎంబీ మధ్య ఉండాలి.

స్టాంపింగ్ కోసం హైదరాబాద్ వచ్చే హెచ్-1బీ ఉద్యోగులు, విద్యార్థులకు అమెరికా వీసా ఫొటో కావాలి. అది మళ్లీ 2×2. డీఎస్-160 ఫారంలో అప్‌లోడ్ చేసే ఫైలు కనీసం 600×600, గరిష్ఠంగా 1200×1200 పిక్సెళ్లు ఉండాలి. 240 కేబీ మించకూడదు. ఆరు నెలల్లోపు తీసినదై ఉండాలి. పాత వీసా మీద ఉన్న ఫొటోనే మళ్లీ పెడితే చూడగానే తెలిసిపోతుంది. 2016 నవంబరు నుంచి ఆ ఫొటోల్లో కళ్లద్దాలకు అనుమతి లేదు.

తిరస్కరిస్తే?

ఆన్‌లైన్‌లో ఫైలు తీసుకోకపోతే ముందు కొలత, ఫైలు సైజు, ఫార్మాట్ చూడండి. ఐఫోన్‌లో తీసిన ఫొటోలు చాలాసార్లు హెచ్ఈఐసీ ఫార్మాట్‌లో ఉంటాయి, జేపీజీగా మార్చితే సమస్య తీరిపోతుంది. పోస్టులో పంపిన దరఖాస్తులో ఫొటో బాగాలేదని మెయిల్ వస్తే, అదే ఫొటోను కాస్త వెలుతురు పెంచి తిరిగి పంపడం దండగ. కారణం మెయిల్‌లో ఏమని రాశారో చూసి కొత్తగా తీయించాలి. ముఖం చిన్నదన్నారా, నీడ ఉందన్నారా, బ్యాక్‌గ్రౌండ్ అన్నారా అన్నదాన్ని బట్టి పరిష్కారం మారుతుంది. ముఖం చిన్నదంటే అసలు ఫైలు నుంచి మళ్లీ క్రాప్ చేస్తే చాలు. నీడ అంటే మాత్రం మళ్లీ తీయాల్సిందే.

నేరుగా కేంద్రానికి వెళ్లేవారు ఫొటోల్ని దరఖాస్తుకు పిన్ను కొట్టొద్దు. అతికించమని చెక్‌లిస్టులో ఉంటేనే అతికించి, మిగతావి చిన్న కవర్లో వేసుకెళ్లాలి. రెండు అడిగితే నాలుగు దగ్గర పెట్టుకోండి. అసలు ఫైలు మెయిల్‌లో ఉంటే, అక్కడికక్కడ మరో సైజు అడిగినా పక్క వీధి ఫొటో కౌంటర్ నుంచి అరగంటలో తెచ్చివ్వొచ్చు.